ఒంగోలు క్లౌ దొర – కాలువ పని, మారుమనస్సు

ఈ ఏడాది పుస్తకానికి ఎవరైనా ఒక గొప్పవారి జీవితం రాసి ఇవ్వమని పెద్దలు అడిగారు. నేను రచయితను కాను. సివిల్ డిప్లమో చేసి, ఇక్కడ అహ్మది వైపు సైట్లలో సూపర్‌వైజర్‌గా పని చేసుకుంటున్నవాణ్ణి. డ్రాయింగులు, లెవెల్ పుస్తకం, టైమ్‌షీట్ తప్ప వేరే రాత నాకు అలవాటు లేదు. తప్పులుంటే పెద్దమనసుతో క్షమించండి.

ఎవరి గురించి రాయాలా అని ఆలోచిస్తే మా జేజి చెప్పిన ఒక పేరు గుర్తుకొచ్చింది. మాది ప్రకాశం జిల్లా. మా ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ క్లౌ దొర అంటారు. పూర్తి పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఆయన చనిపోయి నూరేళ్ళు దాటింది. మరి మన పుస్తకంలో ఆయన గురించి ఎందుకంటే, మూడు కారణాలు. ఒకటి, ఆయన కూడా మనలాగే సముద్రం దాటి పరాయి దేశంలో బతికినవాడు. రెండు, ఆయన మొదట సర్వేయర్. కరువులో కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమంది కూలీల చేత పని చేయించినవాడు, అంటే మన వృత్తి తెలిసినవాడు. మూడోదే అసలు కారణం. శుక్రవారం ప్రార్థన కూడికల్లో మనం తరచుగా వినే ఒక ప్రశ్నను ఆయన తన జీవితంలో చాలా గట్టిగా ఎదుర్కొన్నాడు.

ఆ ప్రశ్న ఇది. అకామా పోయి, కేసు పడి, జీతం రాక, దిక్కు తోచనప్పుడు మనిషి దేవుడి దగ్గరకొచ్చి ఏడుస్తాడు. పాపం చేశాను, మారతాను అంటాడు. కేసు తేలిపోయాక మళ్ళీ కనపడడు. మరి ఆ ఏడుపు నిజమా, అబద్ధమా? కష్టంలో వచ్చినవాడి మారుమనస్సును నమ్మాలా వద్దా? మన సంఘంలో అన్ని మతాల వాళ్ళం ఉన్నాం. నేను క్రైస్తవ విశ్వాసం వైపు నుంచి రాస్తున్నాను గాని, ఈ ప్రశ్న మాత్రం అందరిదీ.

గొలుసు పట్టిన కుర్రవాడు

క్లౌ 1836 జూలైలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పల్లెటూరి కుటుంబంలో పుట్టాడు. వాళ్ళు ఉన్నవాళ్ళేమీ కాదు. మంచి భూములు వెతుక్కుంటూ పడమటికి వలసపోయిన కుటుంబం. ఇల్లినాయిస్, తర్వాత అయోవా. చిన్నప్పటి నుంచి పొలం పని, కట్టెల పని అన్నీ చేశాడు. పద్దెనిమిదేళ్ళయినా నిండకముందే మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ భూములు కొలిచే సర్వే బృందంలో చేరాడు. గొలుసు లాగడం, గుంజలు పాతడం, లెక్క రాయడం. సర్వే పని చేసినవాళ్ళకు తెలుసు, ఆ పనిలో ఊహకు చోటు లేదు. ఒక అడుగు తేడా వస్తే పది మైళ్ళు పోయాక అది ఎంతో తేడా అవుతుంది. కొలిచిందే నమ్మడం ఆయనకు అక్కడే అలవాటైంది.

కొంత డబ్బు కూడబెట్టుకుని లాయరు కావాలని అయోవాలో బర్లింగ్టన్ అనే ఊళ్ళో చదువుకు చేరాడు. అప్పటికి ఆయనకు దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు. గదిలో తోడున్న విద్యార్థి రోజూ మోకరించి ప్రార్థన చేసుకునేవాడు. క్లౌకి అది చిరాకు. గది మధ్యలో సుద్దముక్కతో గీత గీసి, నీ ప్రార్థన ఏదైనా ఆ పక్కనే చేసుకో, నా వైపు రావొద్దు అని చెప్పాడట. క్యాంపు గదుల్లో మంచం మంచానికీ గుడ్డ కట్టుకునే మనకు ఈ సంగతి చెబితే నవ్వొస్తుంది. కానీ ఆ గీత ఎక్కువ రోజులు నిలవలేదు. అవతలి కుర్రాడు వాదన పెట్టుకోలేదు, కోప్పడలేదు, తన నడవడి తాను నడిచాడు. చూస్తూ చూస్తూ క్లౌలో కదలిక మొదలైంది. 1858లో బాప్తిస్మం తీసుకున్నాడు. లాయరు ఆలోచన పోయి, ఎక్కడో దూరాన ఉన్న జనానికి పని చేయాలనే ఆలోచన వచ్చింది.

1861లో హ్యారియెట్ అనే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. 1864 నవంబర్ 30న ఇద్దరూ బోస్టన్‌లో ఓడ ఎక్కారు. మనం కువైట్‌కు నాలుగైదు గంటల్లో వచ్చేస్తాం. వాళ్ళకు మద్రాసు చేరేసరికి నాలుగు నెలలు పట్టింది. అక్కడి నుంచి నెల్లూరు. 1866 సెప్టెంబర్‌లో ఒంగోలు.

మూసేద్దామనుకున్న పని

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ అప్పటికి ముప్పై ఏళ్ళ నుంచి ఉంది. కానీ చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే. అమెరికాలో పెద్దలు దీన్ని మూసేద్దామని ఒకసారి కాదు, పదే పదే చర్చించారు. జ్యూయెట్ అనే మిషనరీ ఒక్కడు పట్టుబట్టి ఆపాడు. క్లౌ వచ్చింది ఆ జ్యూయెట్‌తో పాటే.

ఒంగోలులో క్లౌ మొదట అందరిలాగే ఆలోచించాడు. పెద్ద కులాల వాళ్ళు మారితే మిగతా ఊరంతా వాళ్ళ వెనక వస్తుందని లెక్క వేసుకున్నాడు. పెద్ద కులాల పిల్లల కోసం బడి పెట్టాడు. అంతా బాగానే సాగుతోంది. అప్పుడు ఆయన ముందుకు వచ్చినవాళ్ళు మాదిగ పల్లెల జనం.

దీనికి ముందు నడిచినవాడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. చదువు లేదు గాని, చిన్నప్పటి నుంచి దేవుణ్ణి వెతికినవాడు. యోగ మార్గంలో గురువుల దగ్గర ఏళ్ళ తరబడి సాధన చేసినవాడు, తానే కొందరికి గురువైనవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు పోయినప్పుడు క్రీస్తు సంగతి విన్నాడు. 1866లో జ్యూయెట్ చేత బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత తోళ్ళ కోసం తిరిగే ఊళ్ళన్నీ ఆయనకు సువార్త తిరిగే ఊళ్ళయ్యాయి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైంది, సభ్యులు ఎనిమిది మంది. అదే నెలలో క్లౌ ఒంగోలుకు పడమటగా ఉన్న పేరయ్య వాళ్ళ పల్లెకు పోయి 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు.

ఇంకేముంది, బడికి వచ్చే పెద్ద కులాల పిల్లలు మానేశారు. వీళ్ళను వదిలేస్తే మేం వస్తాం, వీళ్ళుంటే మేం రాం అన్నట్టుగా మాట వచ్చింది. క్లౌ చాలా కలత పడ్డాడు. ఆ రోజు ఆయన ఒక గదిలో, హ్యారియెట్ ఒక గదిలో, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే బైబిలు తెరిచారు. ఇద్దరికీ ఒకే చోటు కనపడిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. లోకం తక్కువగా చూసినవాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం అది. ఆ సాయంత్రం నుంచి క్లౌ లెక్క మారింది. బడి పోతే పోయిందని, వచ్చినవాళ్ళను కాదనకూడదని తేల్చుకున్నాడు.

నా ఉద్దేశంలో ఇది కూడా మారుమనస్సే. పాపం చేసినవాడు ఏడవడమే మారుమనస్సు అనుకుంటాం. కానీ మంచి పని చేస్తున్నాననుకునే మనిషి, తన ప్లాను తప్పని తెలిశాక ఆ ప్లానును చించేయడం ఇంకా కష్టం. సైట్‌లో వేసిన షట్టరింగ్ తప్పని తెలిసినా, ఎంతమంది ధైర్యంగా విప్పమంటారు?

మారినవాడికి పడిన ఖర్చు

కొత్తగా చేరినవాళ్ళకు క్లౌ పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెప్పలేదు. మూడు మాటలు చెప్పాడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన పశువుల మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి చిన్నవి. పాటించడానికి ఎంత ఖర్చో చూడండి.

ఆ రోజుల్లో మాదిగవాళ్ళు ఊరికి కట్టుబడి ఉండేవాళ్ళు. పెద్ద రైతులకు చెప్పులు, మోటబొక్కెనలు కుట్టివ్వాలి, పొలం పని చేయాలి, పండగలకు డప్పు కొట్టాలి. దానికి పంటలో కొంత గింజలు, చచ్చిన పశువులు వాళ్ళ వంతు. ఆదివారం రానంటే రైతు ఊరుకోడు. జాతరకు డప్పు కొట్టనంటే ఊరంతా ఊరుకోదు. చచ్చిన గొడ్డు మాంసం మానేస్తే ఆ పూట ఇంట్లో కూడు తగ్గుతుంది. చాలా ఊళ్ళలో కొత్త క్రైస్తవులకు నీళ్ళు అందకుండా చేశారు, పనులు ఆపేశారు, కొట్టారు, దొంగ కేసులు పెట్టారు. ఒక్క మాట వెనక్కి తీసుకుంటే అన్నీ మళ్ళీ వచ్చేవి. చాలామంది తీసుకోలేదు.

ఇంకో సంగతి. కులాన్ని, ఇంటిని, ఊరిని వదిలి మిషన్ కాంపౌండులోకి వచ్చేయమని క్లౌ వాళ్ళకు చెప్పలేదు. మీ ఊళ్ళోనే, మీ వాళ్ళ మధ్యనే ఉండండి, అక్కడే మారినట్టు బతకండి అన్నాడు. పారిపోయి మారడం తేలిక. మనల్ని ఎరిగినవాళ్ళ కళ్ళ ముందు మారడమే కష్టం.

కరువు, కాలువ

1876లో వానలు పోయాయి. 1877లోనూ పోయాయి. మద్రాసు రాజధాని అంతా ఘోరమైన కరువు. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది ఇదే. గింజ లేదు, గడ్డి లేదు, పశువులు పోయాయి, దాని వెనకే కలరా వచ్చింది. అందరికంటే ముందు చచ్చేది కూలివాడే గదా.

అప్పుడు ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. సముద్రం ఒడ్డునే సాగే పడవల కాలువ అది. మద్రాసు నుంచి ఉత్తరంగా వచ్చి, పెదగంజాం దగ్గర కృష్ణా కాలువలతో కలుస్తుంది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. పనికి పోతే కూలి దొరుకుతుంది, కానీ పనిచోట్ల మాదిగవాళ్ళను తిట్టేవాళ్ళు, కొట్టేవాళ్ళు, కొలతలో మోసం చేసి చేతికి వచ్చేది తగ్గించేవాళ్ళు. ఆకలితో సగం చచ్చినవాడు ఎవరికి చెప్పుకుంటాడు? ఈ మాట మన సైట్లలో వాళ్ళకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

క్లౌ తన పాత వృత్తి బయటికి తీశాడు. కాలువలో మూడున్నర మైళ్ళ పొడవు తవ్వే కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర క్యాంపు వేశాడు. తాటాకు గుడిసెలు కట్టించాడు, నీళ్ళకు బావులు తవ్వించాడు. కొలతలు తానే చూసుకున్నాడు. మేస్త్రీలుగా ఎవరిని పెట్టాడో తెలుసా? తన బోధకులను, దాదాపు ముప్పై మందిని. నిన్నటిదాకా ఊరూరూ తిరిగి వాక్యం చెప్పినవాళ్ళు ఇప్పుడు గుంతల గట్టు మీద నిలబడి మనుషులను లెక్క రాశారు. తవ్విన మట్టికి సరైన కూలి ఇచ్చారు. మధ్యాహ్నం జనం పార కింద పెట్టి కూర్చున్నప్పుడు వాళ్ళ మధ్య వాళ్ళూ కూర్చున్నారు. ప్రయాసపడి భారం మోసేవాళ్ళను తన దగ్గరకు రమ్మని క్రీస్తు పిలిచిన మాటే ఆ జనానికి అన్నిటికంటే నచ్చిందని క్లౌ తర్వాత చెప్పాడు. నెత్తిన మట్టిగంప ఉన్నవాడికి భారం అంటే ఏంటో వేరే చెప్పాలా?

క్యాంపుకు వచ్చినవాళ్ళు చాలా తాలూకాల వాళ్ళు. అంతకుముందు క్రీస్తు పేరు విననివాళ్ళు కూడా. కొందరు వస్తూ దారిలోనే పడి చనిపోయారు. బతికినవాళ్ళు, తమను తిట్టకుండా కూలి ఇచ్చిన మనుషులను మొదటిసారి చూశారు. తొందరలోనే వందల మంది బాప్తిస్మం ఇవ్వమని అడగడం మొదలుపెట్టారు.

పదిహేను నెలలు కాదన్నాడు

ఇక్కడే క్లౌ జీవితంలో పెద్ద పరీక్ష. వేరే మిషనరీ అయితే సంబరపడి అమెరికాకు ఉత్తరం రాసేవాడేమో. మూసేద్దామనుకున్న మిషన్‌లో వేలమంది వస్తున్నారు గదా. క్లౌ మాత్రం ఇవ్వనన్నాడు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, దాదాపు పదిహేను నెలలు, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

కారణం తేలికే. పని ఇచ్చేది ఆయన, కూలి ఇచ్చేది ఆయన, కరువు సాయం డబ్బు పంచేవాళ్ళలో కూడా ఆయన ఒకడు. ఆయన చేతిలో అన్నం ఉంది. అన్నం ఉన్న చేతి వైపు వచ్చినవాడు అన్నం కోసం వచ్చాడా, దేవుడి కోసం వచ్చాడా? వచ్చినవాడికే తెలియకపోవచ్చు. కాబట్టి తప్పు వాళ్ళ మీద పెట్టలేదు. మీరు దొంగలు, మీ విశ్వాసం దొంగది అనలేదు. తన చేతిలో అన్నం ఉన్నంతకాలం తీర్పు చెప్పడం కుదరదని ఆగాడు, అంతే.

ఈ ఆగడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. కాంక్రీటు పోసిన మర్నాడే సెంట్రింగ్ విప్పితే బాగానే నిలబడినట్టు కనపడవచ్చు. ఆధారం తీసేశాక బరువు మోస్తేనే అది స్లాబు. క్లౌ అదే చేశాడు. ఆధారం తీసేదాకా ఆగాడు.

కాలువలో ఆయన వంతు పని అయిపోయింది. 1878లో వానల ఆశ కనిపించింది. జూన్ నెలలో బోధకులందరినీ గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెల్లంపల్లికి రమ్మని కబురు పెట్టాడు. ఒంగోలుకు ఉత్తరంగా పది మైళ్ళ దూరం. కొత్తవాళ్ళను ఎవరినీ తీసుకురావద్దని కూడా చెప్పాడు. కానీ బోధకుల వెనక జనం వచ్చేశారు, వందలు కాదు, వేలు. క్లౌ వాళ్ళకు తెగేసి చెప్పాడు. సాయం అయిపోయింది, ఇక నా దగ్గర ఇచ్చేది ఏమీ లేదు, ఊళ్ళకు పోయి విత్తనాలు వేసుకోండి అన్నాడు. జనం కదల్లేదు. మేం సాయం అడగడానికి రాలేదు, ఆకులూ దుంపలూ తినైనా బతుకుతాం, చచ్చినా సరే మమ్మల్ని క్రీస్తువాళ్ళుగా చేర్చుకోండి అన్నారు.

క్లౌ ఇంక కాదనలేకపోయాడు. అయినా కళ్ళు మూసుకుని ఒప్పుకోలేదు. ఏ ఊరి జనాన్ని ఆ ఊరి బోధకుడే విడిగా కూర్చోబెట్టి అడగాలి, ఎవరు ఎందుకొచ్చారో చూడాలి, తెలియనివాణ్ణి పక్కన పెట్టాలి. ఈ పని నడిచింది. ఆ తర్వాత జూలై 2, 3, 4 తేదీలలో గుండ్లకమ్మలో బాప్తిస్మాలు. ఆ మూడు రోజుల్లో 3,536 మంది. ఒక్క జూలై 3 నాడే 2,222 మంది. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడ్డారు. పొద్దున ఆరు గంటలకు మొదలుపెట్టి పదకొండుకు ఆపారు. మళ్ళీ రెండు గంటలకు మొదలుపెట్టి ఐదు గంటలకు ముగించారు. ఎండాకాలంలో ఇక్కడ మనకు పదకొండు నుంచి నాలుగు దాకా బయట పని ఆపే రూలు ఉంది గదా, అది చూసినప్పుడల్లా నాకు ఆ ఏటి ఒడ్డు గుర్తొస్తుంది. క్లౌ తాను ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గట్టు మీద నిలబడి చూశాడు. తెలుగు బోధకులే అంతా నడిపారు. ఆ సంవత్సరం ఆఖరుకు మొత్తం 9,606 మంది అయ్యారు.

తర్వాత

అమెరికాలోనూ ఇండియాలోనూ కొందరు వేలెత్తి చూపారు. ఇంతమందిని ఒకేసారి ఎట్లా చేర్చుకుంటారు, వీళ్ళు అన్నం క్రైస్తవులే గదా అన్నారు. ఆ మాటకు జవాబు క్లౌ ఆగిన పదిహేను నెలలు. అంతకంటే పెద్ద జవాబు ఆ జనం. కరువు పోయింది, సాయం పోయింది, కానీ ఊళ్ళో బాధలు పోలేదు. మళ్ళీ అదే డప్పు గొడవ, అదే బావి గొడవ. ఇప్పుడు చేరినందువల్ల వచ్చేది ఏమీ లేదు, పోయేదే ఉంది. అయినా పల్లె పల్లెలో ప్రార్థన నిలబడింది, పల్లె బడులు వచ్చాయి. అక్షరం ముట్టనివ్వని ఇళ్ళ నుంచి పిల్లలు పలక పట్టుకుని బయలుదేరారు. మా జేజి వాళ్ళ నాయన ఆ బడిలోనే సంతకం నేర్చుకున్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ సంతకం లేకపోతే నా డిప్లమో ఉండేది కాదని నాకు అనిపిస్తుంది.

బోధకులకు చదువు చెప్పడానికి రామపట్నంలో 1872లోనే వేదాంత పాఠశాల మొదలైంది. ఒంగోలులో హైస్కూలు పెరిగింది. 1893లో హ్యారియెట్ చనిపోయింది. మరుసటి సంవత్సరం ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్ అనే మిషనరీని పెళ్ళి చేసుకున్నాడు. ఆయన చెప్పుకున్న జీవిత కథను పుస్తకంగా రాసింది ఆమే. 1910 నవంబర్‌లో అమెరికాలోని రోచెస్టర్‌లో క్లౌ కన్నుమూశాడు. ఒంగోలులో ఆయన పేరు మీద ఆసుపత్రి కట్టారు.

మరి మారుమనస్సు అంటే?

పశ్చాత్తాపం, మారుమనస్సు అని మనకు రెండు మాటలున్నాయి. పశ్చాత్తాపం అంటే చేశాక లోపల కాలడం. మారుమనస్సు అంటే మనసు తిరగడం. కాలినంత మాత్రాన తిరిగినట్టు కాదు. సువార్తల్లో పేతురూ బాధపడ్డాడు, యూదా కూడా బాధపడ్డాడు. యూదా డబ్బు కూడా వెనక్కి పడేశాడు. కానీ ఒకడు ప్రభువు దగ్గరకు తిరిగొచ్చాడు, ఇంకొకడు రాలేదు.

ఇంకో చోటు, లూకా సువార్త మూడో అధ్యాయం. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరకు జనం వచ్చి మేం ఏం చేయాలి అని అడుగుతారు. ఆయన ఏడవమని చెప్పలేదు. రెండు అంగీలున్నవాడు ఒకటి లేనివాడికి ఇవ్వాలన్నాడు. పన్ను వసూలు చేసేవాళ్ళకు, లెక్కకు మించి తీసుకోవద్దన్నాడు. సైనికులకు, ఎవరినీ బెదిరించి లాక్కోవద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఎవడి వృత్తిలో ఏ తప్పు ఉందో అక్కడే వేలు పెట్టాడు. జక్కయ్య కూడా అంతే. ఏసు తన ఇంటికి వచ్చిన రోజున ఆస్తిలో సగం పేదలకు, మోసంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

కొన్నేళ్ళ కింద నేను వేరే చోట పని చేస్తున్నప్పుడు ఒక సైట్‌లో ఓవర్‌టైమ్ లెక్క ఎక్కువైంది. నన్ను ఎవరూ గట్టిగా అడగలేదు. పైవాళ్ళ దగ్గర మంచి అనిపించుకోవాలని నేనే కొందరి టైమ్‌షీట్‌లో గంటలు తగ్గించి రాశాను. అందులో ఒకాయన మన తెలుగాయనే, నాకంటే పెద్దవాడు, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. చదువు రాదు. నేను చూపించిన చోట వేలిముద్ర వేశాడు. రెండు నెలల్లో ఆయనకు పోయింది పద్నాలుగు దినార్లు. మనకు పద్నాలుగు దినార్లంటే ఎంతో నాకు తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు.

తర్వాత ఒక శుక్రవారం కూడికలో నేను బాగా ఏడ్చాను. ఒప్పుకుని ప్రార్థన చేశాను. మనసు తేలికైంది. అయిపోయిందనుకున్నాను. ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో ఒక్కసారి కూడా ఆ అన్నకు ఫోన్ చేయలేదు. ఆయన పేరు ఫోన్‌లో కనపడితే వేలు పక్కకు జరిపేవాణ్ణి. అప్పుడు కాలువ గట్టు మీద క్లౌ బోధకులు సరిగ్గా కూలి లెక్క కట్టిన సంగతి చదివాను. నాకు సిగ్గు వేసింది. నా ఏడుపు నిజమే. కానీ అది పశ్చాత్తాపం దగ్గరే ఆగిపోయింది.

ఆ అన్న అప్పటికి ఊరికి వెళ్ళిపోయాడు. ఫోన్ చేశాను. ఏం జరిగిందో చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. డబ్బు పంపాను, పద్నాలుగు కాదు, అంతకంటే ఎక్కువే. అందిందని మెసేజ్ కూడా పెట్టించలేదు. మళ్ళీ నన్ను తమ్ముడూ అని పిలవలేదు ఇంతవరకు. అది ఆయన ఇష్టం. క్షమించమని బలవంతం చేస్తే అది కూడా లాక్కోవడమే అవుతుంది. కానీ అప్పటి నుంచి నా చేతి కింద టైమ్‌షీట్ రాసేటప్పుడు ప్రతి మనిషికీ గంటలు చదివి వినిపించి, వాళ్ళ ఫోన్‌లో ఫోటో తీసుకోమని చెబుతున్నాను. పైవాళ్ళకు అంత ఇష్టం లేదు. పర్వాలేదు.

సోదరులారా, కష్టంలో దేవుడి దగ్గరకు వచ్చినవాణ్ణి చూసి ఎగతాళి చేయకండి. గుండ్లకమ్మ దగ్గరకు వచ్చినవాళ్ళు కూడా కష్టంలోనే మొదలుపెట్టారు. కష్టం మనిషిని తలుపు దాకా తెస్తుంది. లోపలికి అడుగు వేశాడా లేదా అన్నది కష్టం తీరాక తెలుస్తుంది. ఇంకొకరి లోపల చూసే కళ్ళు క్లౌ దొరకూ లేవు, మనకూ లేవు. కాబట్టి ఎవరి లెక్క వాళ్ళు చూసుకుందాం. మీ ఫోన్‌లో కూడా వేలు పక్కకు జరిపే పేరు ఒకటి ఉంటే, ఈ శుక్రవారం సెలవు రోజున ఆ నంబరుకు ఒకసారి ఫోన్ చేయండి.